కీళ్లవాతం ఊపిరితిత్తులకు చేరితే

రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న పదిమందిలో దాదాపు ఒకరికి ఏదో ఒక దశలో ఊపిరితిత్తులు కూడా వాచి, క్రమంగా గట్టిపడి, ఆయాసం మొదలవుతుంది. బాధ ఉన్నా లేకున్నా అందరికీ స్కానింగ్ చేసి చూస్తే ఆ మార్పుల ఛాయలు ఇంకా ఎక్కువమందిలో కనిపిస్తాయి. వైద్యులు దీన్ని రుమటాయిడ్ ఐఎల్‌డీ అంటారు. ఐఎల్‌డీ అంటే ఇంటర్‌స్టిషియల్ లంగ్ డిసీజ్. మనం పీల్చిన గాలి చివరికి చేరేది వాయుగోణులనే అతిచిన్న గాలిబుడగల్లోకి. వాటి గోడలు ఎంత పలచగా ఉంటే ఆక్సిజన్ అంత సులువుగా రక్తంలో కలుస్తుంది. ఐఎల్‌డీ ఆ గోడలకే పడుతుంది. మొదట అక్కడ వాపు వస్తుంది, తర్వాత మచ్చకట్టినట్టు పీచు పేరుకుంటుంది. వాపును మందులతో తగ్గించవచ్చు. పీచుగా మారిన భాగం మాత్రం తిరిగి మెత్తబడదు. ఈ జబ్బు విషయంలో త్వరగా కనిపెట్టడానికి అంత విలువ ఉన్నది అందుకే.

వయసు మీదపడి మోకాళ్లు అరిగితే వచ్చే నొప్పి వేరు, రుమటాయిడ్ కీళ్లవాతం వేరు. ఇందులో ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే సొంత కణజాలం మీదికి తిరగబడుతుంది. వేళ్ల కణుపులు, మణికట్లు రెండువైపులా వాస్తాయి. పొద్దున లేచాక గంటసేపైనా పిడికిలి బిగియదు. 1993లో వెలువడిన ఒక సర్వే, ఢిల్లీకి దగ్గరలోని పల్లెల్లో, ప్రతి వెయ్యిమంది పెద్దల్లో ఏడెనిమిది మందికి ఈ జబ్బు ఉందని చూపింది. మగవాళ్లకన్నా ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది: కీళ్లవాతం ఉన్న మగవాళ్లకే ఐఎల్‌డీ ముప్పు ఎక్కువ. అరవై దాటిన వయసు, బీడీ సిగరెట్ల అలవాటు, రక్తంలో రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే ప్రతిదేహాలు బాగా ఎక్కువగా ఉండడం, కీళ్ల వాపు ఏళ్ల తరబడి అదుపులో లేకపోవడం ఈ ముప్పును పెంచుతాయి. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం జీవితకాలంలో ఐఎల్‌డీ వచ్చే అవకాశం కీళ్లవాతం ఉన్నవాళ్లలో 7.7 శాతం, లేనివాళ్లలో 0.9 శాతం.

ఈ రెండింటి సంబంధం వైద్యలోకానికి తెలిసి ముప్పావు శతాబ్దం దాటింది. 1948లో ఎల్‌మన్, బాల్ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు కీళ్లూ ఊపిరితిత్తులూ కలిసి దెబ్బతిన్న రోగుల గురించి రాస్తూ, ఇది కీళ్లకే పరిమితమైన జబ్బు కాదని వాదించారు. 1953లో వేల్స్ బొగ్గుగని కార్మికుల ఎక్స్‌రేలు చూస్తున్న కాప్లన్ అనే వైద్యుడు, కీళ్లవాతం ఉన్న కార్మికుల ఊపిరితిత్తుల్లో గుండ్రటి గడ్డలను ప్రత్యేకంగా గుర్తించాడు. వాటికి ఆయన పేరే స్థిరపడింది. ఆ పరిశీలన చిత్తూరు ప్రాంతానికి దూరపు సంగతేమీ కాదు. కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలున్నాయి, రాయి కోసి పాలిష్ పట్టే యూనిట్లున్నాయి. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను నేరుగా దెబ్బతీయడమే కాకుండా రుమటాయిడ్ కీళ్లవాతం వచ్చే అవకాశాన్ని కూడా పెంచుతుందని స్వీడన్ పరిశోధకులు చూపారు. దానికి పొగతాగే అలవాటు తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. క్వారీలో పనిచేసే మనిషి వేళ్లు వాచాయని వస్తే, ఆయన ఏ పని చేస్తాడో, ఎన్నేళ్లుగా చేస్తున్నాడో అడిగి రాసుకోవడం వైద్యంలో భాగమే.

కీళ్ల జబ్బు ఊపిరితిత్తుల్లోకి ఎందుకు పోతుంది? కొందరిలో అసలు అది మొదలయ్యేదే ఊపిరితిత్తుల్లో కావచ్చునని ఇప్పుడు చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు. పొగ, దుమ్ము వంటివి తగిలినప్పుడు శ్వాసనాళాల లోపలి ప్రోటీన్లలో ఒక రసాయన మార్పు జరుగుతుంది. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం సిట్రులిన్‌గా మారుతుంది. జన్యుపరంగా ఆ తత్వం ఉన్నవాళ్లలో రోగనిరోధక వ్యవస్థ ఈ మారిన ప్రోటీన్లను పరాయివిగా ఎంచి, వాటిమీద ప్రతిదేహాలను తయారుచేస్తుంది. రక్తపరీక్షలో కనిపించే యాంటీ సీసీపీ ఇదే. కీళ్లు వాయడానికి కొన్నేళ్ల ముందే కొందరి రక్తంలో అది బయటపడుతుంది. ఐఎల్‌డీ వచ్చినవాళ్లలో నూటికి పదిమందికో ఇరవైమందికో కీళ్ల నొప్పులకన్నా ముందే దగ్గు, ఆయాసం కనిపించడానికి కారణం ఇలాంటిదే అయివుండాలి. 2018లో మరో ముడి విడింది. కారణం తెలియని ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్‌లో కనిపించే ఎంయూసీ5బీ అనే జన్యుభేదమే రుమటాయిడ్ ఐఎల్‌డీ ముప్పునూ పెంచుతుందని పలుదేశాల పరిశోధకులు కలిసి తేల్చారు.

ఈ జబ్బు లక్షణాలు పెద్దగా అరిచి చెప్పేవి కావు. కఫం పడని పొడిదగ్గు వారాల తరబడి వదలదు. నడిచినప్పుడు ఆయాసం వస్తుంది, కూర్చుంటే తగ్గిపోతుంది. తిరుపతి మనిషి దీన్ని గుర్తించే అవకాశం కొండ మెట్లమీద ఉంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఇదివరకు గాలిగోపురం దాకా పెద్దగా ఆగకుండా ఎక్కగలిగినవాళ్లు ఇప్పుడు యాభై మెట్లకే నిలబడి ఊపిరి తీసుకోవలసి వస్తే, దాన్ని వయసు మీదికి తోసేయకూడదు. అసలు చిక్కు వేరేచోట ఉంది. మోకాళ్లు, చీలమండలు వాచిన మనిషి ఎలాగూ మెట్లెక్కడు. బావి దాకా, చేను దాకా నడవడం కూడా మానేస్తాడు. నడకే తగ్గిపోయాక ఆయాసం బయటపడే సందర్భమే రాదు. తీరా అది బయటపడేసరికి ఊపిరితిత్తుల్లో చాలా భాగం పోయి ఉంటుంది. అందుకే కీళ్లవాతం ఉన్నవాళ్లు ఎప్పుడు చూపించుకోవడానికి వెళ్లినా రెండు ప్రశ్నలు అడగాలి: దగ్గు ఉందా, ఇదివరకటి కన్నా తక్కువ దూరానికే ఆయాసం వస్తోందా? ఆ తర్వాత వీపు కిందిభాగాన స్టెతస్కోపు పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చమని చెప్పి వినాలి. ఐఎల్‌డీ ఉంటే ఊపిరి పీల్చుకునే చివర్లో, బ్యాగుకు అతికించిన వెల్‌క్రో పట్టీని మెల్లగా ఊడదీస్తే వచ్చేలాంటి చిటపట శబ్దం వినిపిస్తుంది. పైసా ఖర్చులేని పరీక్ష ఇది. ఏ మండల కేంద్రంలోనైనా చేయవచ్చు.

అనుమానం వచ్చాక మామూలు ఎక్స్‌రేతో సరిపెట్టుకోకూడదు. తొలిదశలో ఎక్స్‌రే పూర్తిగా మామూలుగా ఉండవచ్చు. ఖాయం చేసేది హెచ్‌ఆర్‌సీటీ, అంటే ఊపిరితిత్తులను సన్నటి పొరలుగా చూపే సీటీ స్కాన్. దాంట్లో కనిపించే తీరును బట్టి జబ్బు ఏ రకమో చెబుతారు. యూఐపీ రకంలో ఊపిరితిత్తుల అడుగుభాగాన, అంచుల్లో పీచు పేరుకుని, తేనెపట్టు గూళ్లలాంటి ఖాళీలు ఏర్పడతాయి. ఇతర వాతరోగాల్లోకన్నా రుమటాయిడ్ జబ్బులోనే ఇది ఎక్కువ. లొంగదీయడం కష్టమైనదీ ఇదే. ఎన్‌ఎస్‌ఐపీ రకంలో వాపు పాలు ఎక్కువ కాబట్టి మందులకు కొంత మెరుగ్గా స్పందిస్తుంది. ఆర్గనైజింగ్ న్యుమోనియా అనే మూడో రకం స్టీరాయిడ్లకు త్వరగా తగ్గుతుంది. స్కాన్‌తోపాటు ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్షలు చేస్తారు. బలంగా పీల్చి మొత్తంగా వదలగలిగిన గాలి ఎంతో చెప్పేది ఎఫ్‌వీసీ. వాయువు రక్తంలోకి ఎంత బాగా చేరుతోందో చెప్పేది డీఎల్‌సీఓ. చాలామందిలో ముందుగా పడిపోయేది ఈ రెండోదే. ఆరు నిమిషాలు నడిపించి, వేలికి పెట్టిన ఆక్సీమీటరులో ఆక్సిజన్ ఎంత తగ్గిందో కూడా చూస్తారు. కూర్చున్నప్పుడు 97 చూపి, నడిచాక 88కి దిగే మనుషులుంటారు. అందువల్ల కూర్చోబెట్టి చూసిన అంకెతో నిశ్చింతగా ఉండకూడదు. వేళ్లు బాగా వంకరపోయినవాళ్లకు, చేతులు చల్లబడేవాళ్లకు ఆక్సీమీటరు తప్పుగా చూపవచ్చు గనక చెవి తమ్మెకు పెట్టే సెన్సరు వాడతారు.

రాయలసీమ దక్షిణ భాగంలో ఊపిరితిత్తుల జబ్బు అనగానే మొదట మదిలో మెదిలేది క్షయ. దానికి చరిత్ర ఉంది. పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో, డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వాన 20వ శతాబ్దం రెండో దశకంలోనే పెద్ద క్షయ శానటోరియం వెలిసింది. దేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోట్లలో, 1948లో, మదనపల్లె ఒకటి. అంత అనుభవం ఉన్న నేలమీద దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే క్షయ గురించి ఆలోచించడం సబబే. అయితే కఫంలో క్రిమి దొరకకుండానే నెలల తరబడి క్షయ మందులు మింగి, ఆయాసం పెరిగాక ఐఎల్‌డీగా తేలేవాళ్లూ ఉంటారు. క్షయ మచ్చ సాధారణంగా ఊపిరితిత్తుల పైభాగంలో ఉంటుంది, రుమటాయిడ్ ఐఎల్‌డీ అడుగున మొదలవుతుంది. కఫపరీక్షలో ఏమీ లేదని తేలి, వేళ్లు కూడా వాచి ఉంటే హెచ్‌ఆర్‌సీటీ తీయించడానికి ఆలస్యం చేయకూడదు.

క్షయతోపాటు మరో పోలిక జబ్బు కూడా ఉంది. 2012 నుంచి 2015 దాకా 19 నగరాల్లోని 27 కేంద్రాల్లో 1,084 మంది ఐఎల్‌డీ రోగులను నమోదు చేసిన భారతీయ రిజిస్ట్రీలో అన్నిటికన్నా ఎక్కువగా, 47 శాతం మందిలో, కనిపించింది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పీల్చే గాలిలోని బూజు, పక్షుల రెట్టల ధూళి వంటివాటికి ఊపిరితిత్తులు చూపే ప్రతిస్పందన అది. కీళ్లవాతంతో సహా వాతరోగాల వల్ల వచ్చిన ఐఎల్‌డీ సుమారు 14 శాతం. ఆ మొదటి జబ్బు ఉన్నవాళ్లలో సగం మందిదాకా ఎయిర్ కూలర్ల గాలిలో గడిపేవాళ్లే. మార్చి వచ్చిందంటే ఇంటింటా కూలర్లు తిరిగే తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు వంటి ఊళ్లకు ఇది పట్టించుకోవలసిన సంగతి. కూలరు గడ్డిపలకలు మార్చారా, నీళ్లు ఎప్పుడు పారబోశారు, ఇంటి సన్‌షేడు కింద పావురాలున్నాయా అని డాక్టరు అడిగితే అది అనవసరపు ఆరా కాదు. కీళ్లవాతం ఉన్న మనిషికి కూలరు బూజు వల్ల కూడా ఊపిరితిత్తులు వాయవచ్చు. అప్పుడు ముందు చేయవలసింది కూలరు తీసేయడం.

ఇన్ని చిక్కులున్న జబ్బును ఒక్క వైద్యుడు ఒంటరిగా తేల్చడం కష్టం. వాతరోగ నిపుణులు, ఊపిరితిత్తుల నిపుణులు, స్కాన్ చదివే రేడియాలజిస్టు కూర్చుని చర్చించి నిర్ణయించడం ఇప్పుడు ప్రపంచమంతా అనుసరిస్తున్న పద్ధతి. ఈ ప్రాంతం వాళ్లకు అందుబాటులో ఉన్న పెద్దాసుపత్రులు మూడు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆధ్వర్యంలో 1993లో సేవలు మొదలుపెట్టిన స్విమ్స్ ఒకటి. తిరుపతివాసులు రుయా అని పిలుచుకునే, ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధమైన ప్రభుత్వాసుపత్రి రెండోది. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో, రాష్ట్ర సరిహద్దు దాటగానే ఉన్న రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ మూడోది. అక్కడ వాతరోగాలకు ప్రత్యేక విభాగమే ఉంది. పాత స్కాన్ల ఫిల్ములు, సీడీలు పారేయకుండా వెంట తీసుకెళ్లడం వైద్యులకు చాలా ఉపకరిస్తుంది. జబ్బు పెరుగుతోందో, ఉన్నచోటే ఉందో పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

చికిత్సలో మొదటి ప్రశ్న మందు ఇవ్వాలా వద్దా అన్నదే. స్కాన్‌లో కొద్దిపాటి మార్పులుండి, ఆయాసం లేకుండా, పరీక్షల అంకెలు బాగుంటే కీళ్ల వాపును అదుపు చేస్తూ, మూడు నుంచి ఆరు నెలలకోసారి ఎఫ్‌వీసీ, డీఎల్‌సీఓ చూస్తూ ఉండవచ్చు. జబ్బు ముదురుతోందని తేలితే కదలాలి.

రోగులను అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టే ప్రశ్న మెథోట్రెక్సేట్ గురించి. కీళ్లవాతానికి మూలస్తంభం లాంటి ఈ మందు పుట్టుక వెనుక తెలుగువాడి కృషి ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాల బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఆమ్లం పనికి అడ్డుపడే అమినోప్టెరిన్, దాని వెంటే మెథోట్రెక్సేట్ కూడా అక్కడే రూపొందాయి. అప్పట్లో వాటి లక్ష్యం పిల్లల రక్త క్యాన్సరు. 1951లో గబ్నర్ అనే అమెరికన్ వైద్యుడు అమినోప్టెరిన్‌తో కీళ్ల వాపు తగ్గుతుందని చూపాడు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేందుకు అమెరికా అధికారిక అనుమతి మాత్రం 1988లో వచ్చింది. సుబ్బారావు అంతకు నలభై ఏళ్ల ముందే, 1948లో, కన్నుమూశారు. ఈనాడు తిరుపతిలో ఎవరైనా వారంలో ఒకరోజు మెథోట్రెక్సేట్, దాని దుష్ఫలితాలు తగ్గడానికి మరోరోజు ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే, ఆ రెండు మాత్రలూ ఆయన ప్రయోగశాల ఇచ్చినవే.

ఈ మందు అరుదుగా ఊపిరితిత్తుల్లో హఠాత్తు వాపు తెస్తుంది. నూటికి ఒకరికన్నా తక్కువమందికి, ఎక్కువగా మొదటి ఏడాదిలో, జ్వరం, దగ్గు, ఆయాసం కొద్దిరోజుల్లోనే ముంచుకొస్తాయి. అలా జరిగితే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ కారణంగా చాలాకాలం పాటు ఐఎల్‌డీకి కూడా మెథోట్రెక్సేట్‌నే దోషిగా నిలబెట్టారు. పలుదేశాల రోగులను పోల్చి 2021లో వెలువడిన అధ్యయనం ఆ నింద సరికాదని చూపింది. మందు వాడినవాళ్లలో మెల్లగా ముదిరే ఐఎల్‌డీ ఎక్కువ కాలేదు, పైగా తక్కువగానే కనిపించింది. భయపడి మందు మానేస్తే కీళ్ల జబ్బు చెలరేగుతుంది, దాంతో ఊపిరితిత్తులకు ముప్పు పెరుగుతుంది. ఊపిరితిత్తులు అప్పటికే బాగా దెబ్బతిన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు హఠాత్తు వాపును తట్టుకునే శక్తి ఉండదు కాబట్టి డాక్టరు వేరే మందు ఎంచవచ్చు. ఇంతకన్నా తరచుగా ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లు రెండున్నాయి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మందు. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి చనిపోయే ప్రమాదం ఉంది. మూత్రంలో మంటకో జ్వరానికో మెడికల్ షాపులో కోట్రైమాక్సజోల్ అనే సల్ఫా మాత్ర అడిగి తెచ్చుకుని దీంతో కలిపి వాడినా అదే ప్రమాదం.

ఊపిరితిత్తుల వాపును నేరుగా తగ్గించడానికి స్టీరాయిడ్లు, మైకోఫెనొలేట్, అజాథయోప్రిన్, రిటక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్ వాడతారు. అమెరికా వాతరోగ, ఛాతీ వైద్యుల సంఘాలు కలిసి తెచ్చిన 2023 మార్గదర్శకాలు వీటిలో మైకోఫెనొలేట్‌కు ముందు వరుసలో చోటిచ్చాయి. ఊపిరితిత్తులకు మొదటి మందుగా మెథోట్రెక్సేట్‌ను ఎంచవద్దని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. కీళ్లకు వాడవద్దని దాని అర్థం కాదు. మైకోఫెనొలేట్ కీళ్లమీద పెద్దగా పనిచేయదు గనక కీళ్లకు మరో మందు తోడు కావాలి. రిటక్సిమాబ్ రెంటికీ పనికొస్తుంది. దానికి ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. ఐఎల్‌డీ ఉన్నవాళ్లకు కీళ్ల కోసం లెఫ్లునమైడ్ మొదలుపెట్టడానికి వైద్యులు వెనకాడతారు. కీళ్లకే వాడే టీఎన్‌ఎఫ్ నిరోధకాలనే మందుల విషయంలోనూ జాగ్రత్త పడతారు. ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయను అవి లేపగలవన్నది మరో భయం. మన దేశంలో ఈ తరహా మందులకు ముందు మాంటూ లేదా ఇగ్రా పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించకుండా ఉండకూడదు.

స్టీరాయిడ్ల గురించి విడిగా చెప్పాలి. ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు 1948లో కీళ్లవాతం రోగికి మొదటిసారి కార్టిసోన్ అనే స్టీరాయిడ్ ఇచ్చాడు. మంచంపట్టిన మనిషి కొద్దిరోజుల్లోనే లేచి నడవడం ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. 1950లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. ఆ అద్భుతంలోనే ఉచ్చు ఉంది. పేరు తెలియని పొట్లాల్లో, సూదుల్లో స్టీరాయిడ్ కలిపి ఇస్తే నొప్పి మాయమవుతుంది, రోగి మళ్లీమళ్లీ అక్కడికే వెళతాడు. ఈలోగా అసలు జబ్బు కీళ్లలో, ఊపిరితిత్తుల్లో లోలోపల సాగిపోతుంది. షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, క్షయ వంటివి సులువుగా అంటుకుంటాయి. నిపుణుల చేతిలో స్టీరాయిడ్ విలువైన మందే. దాన్ని తగినంత మోతాదులో, వీలైనంత తక్కువకాలం ఇచ్చి, ఇంకో మందు పనిచేయడం మొదలయ్యాక మెల్లగా తగ్గిస్తారు. నెలల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపేయకూడదు.

వాపు కన్నా పీచు పాలు ఎక్కువై ముదురుతున్నవాళ్లకు గత కొన్నేళ్లలో కొత్త దారి తెరుచుకుంది. నింటెడానిబ్, పిర్ఫెనిడోన్ అనేవి పీచు పేరుకోవడాన్ని నెమ్మదింపజేసే మందులు. 663 మంది మీద జరిగి 2019లో వెలువడిన ఇన్‌బిల్డ్ పరిశోధనలో, ఏడాదిలో ఎఫ్‌వీసీ తరుగుదల ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 188 మిల్లీలీటర్లు, నింటెడానిబ్ వాడినవాళ్లలో 81 మిల్లీలీటర్లు. ఆ 663 మందిలో 89 మంది రుమటాయిడ్ ఐఎల్‌డీ రోగులే. పిర్ఫెనిడోన్‌ను ఈ జబ్బుకే ప్రత్యేకంగా పరీక్షించిన ట్రెయిల్1 పరిశోధన 123 మందితో ముందే ఆగిపోయింది. అది పెట్టుకున్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు గానీ ఎఫ్‌వీసీ తరుగుదల మాత్రం 146 నుంచి 66 మిల్లీలీటర్లకు తగ్గింది. పోయిన ఊపిరిని ఇవి తిరిగి తేలేవు, పోబోయేదాన్ని కొంత ఆపుతాయి. ఈ తేడా రోగికీ ఇంట్లోవాళ్లకూ ముందే చెప్పకపోతే, మూడు నెలలు వాడి గుణం కనిపించలేదని మానేస్తారు. నింటెడానిబ్‌తో విరేచనాలు ఎక్కువ. పిర్ఫెనిడోన్‌తో వికారం వస్తుంది, ఎండ తగిలితే చర్మం కమిలి దద్దుర్లు లేస్తాయి. చేలో పనిచేసేవాళ్లు, మన ఎండల్లో తిరిగేవాళ్లు తాము చేసే పనేమిటో డాక్టరుకు చెప్పి, తగిన మందు ఎంచుకోవాలి. రెంటికీ కాలేయ పరీక్షలు అవసరం. రెండింటినీ మన దేశపు కంపెనీలే తయారుచేస్తున్నా నెలనెలా ఖర్చు భారమే.

మాత్రలు కాకుండా చేయవలసినవి చాలా ఉన్నాయి. వాటిలో పొగ మానడం అన్నిటికన్నా ముందు, బీడీ అయినా కట్టెల పొయ్యి పొగ అయినా. ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు వేయించుకోవాలి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నప్పుడు సజీవ క్రిములతో చేసిన టీకాలు పనికిరావు. పుల్లత్రేన్పులు, ఛాతీలో మంట ఉంటే తగ్గించుకోవాలి. శిక్షణతో కూడిన నడక, ఊపిరి వ్యాయామాలు ఆయాసాన్ని నిజంగానే తగ్గిస్తాయి. కీళ్లు వాచినవాళ్లకు వాటిని కూర్చుని చేసేలా మార్చి నేర్పించవచ్చు. గర్భం గురించి ఆలోచిస్తున్న స్త్రీలు ఆ మాట ముందే చెప్పాలి, మెథోట్రెక్సేట్, మైకోఫెనొలేట్, లెఫ్లునమైడ్, నింటెడానిబ్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తాయి.

ఉన్నట్టుండి ఆయాసం రోజుల్లోనే ఎక్కువైతే అది న్యుమోనియా కావచ్చు, మందు వల్ల వచ్చిన వాపు కావచ్చు, జబ్బు తనంతట తాను ఉద్ధృతం కావడమూ కావచ్చు. ఇంట్లో ఉండి తేల్చుకోదగిన తేడా కాదది. ఆ రోజే ఆసుపత్రికి చేరాలి. కూర్చున్నప్పుడు కూడా ఆక్సిజన్ 88 దాటని స్థితికి వచ్చినవాళ్లకు ఇంటిదగ్గరే గాలినుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే కాన్సంట్రేటరు పెట్టిస్తారు. ఆక్సిజన్ పెట్టడమంటే ఇక చివరి రోజులని ఇంట్లోవాళ్లు భయపడనవసరం లేదు. దాని సాయంతోనే లేచి నాలుగడుగులు వేసే రోగులు చాలామంది. వయసు, మిగతా అవయవాల ఆరోగ్యం అనుకూలించిన కొద్దిమందికి ఊపిరితిత్తుల మార్పిడి మిగిలిన మార్గం. ఈ ప్రాంతానికి దగ్గరగా అది జరిగేది చెన్నైలో. ఆ ఆలోచన ఉంటే రోగి నడవగలిగి ఉన్నప్పుడే, మంచం పట్టకముందే పంపాలి.